నల్లవాగు కాపీ

భరణి కార్తె

ఇవాళ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. రెప్పపాటే. పంకాలు మళ్ళీ తిరుగుతున్న చప్పుడు విని గని గ్యాలరీల్లో అందరూ తేలికపడ్డారు. నేను మాత్రం చేతిలో ఉన్న జొన్న గట్క గిన్నె కింద పెట్టి సర్వర్ గదికి నడిచాను. రెప్పపాటు కరెంటు పోయినా పంకాలు ఓర్చుకుంటాయి. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయిన డిస్కు ఓర్చుకోదు.

గదిలో దీపాలు వెలుగుతున్నాయి, యంత్రం మామూలుగానే గురక పెడుతోంది. కానీ నియమాల ఫోల్డర్ తెరిస్తే పేరు ఉంది, లోపల ఏమీ లేదు.

పెద్దబాయిలో ప్రతి తలుపూ ఆ ఫోల్డర్‌ను చదువుకునే పనిచేస్తుంది. ఎవరి చేతి కడియానికి ఏ తలుపు తెరుచుకోవాలి, చల్లగదిలో ఎవరి వంతు ఎప్పుడు, ఏ కుళాయి ఎవరికి ఎంతసేపు పారాలి, అన్నీ అందులోనే ఉంటాయి. మా ముత్తాతలు ఇక్కడ బొగ్గు తవ్వారు. ఇప్పుడు మీద ఎండకు మనిషి నిలవలేడు కాబట్టి ఆ తవ్విన బాయిల్లోనే మేం కాపురం ఉంటున్నాం. చల్లగాలి కిందికి పంపడం కష్టం, పంపిన గాలి బయటికి పోకుండా చూడడం అంతకంటే కష్టం. తలుపులు ఉన్నది అందుకే.

అవి వెంటనే మూసుకుపోలేదు. సొంత బ్యాటరీలు ఉన్నాయి, కొద్దిపాటి జ్ఞాపకం ఉంది. చివరిసారి చదివిన నియమాలను బట్టి ఇప్పటికి తెరుచుకుంటున్నాయి. ఏ తలుపు బ్యాటరీ అయినా అయిపోయి మళ్ళీ మొదలైందంటే ఆ జ్ఞాపకం పోతుంది. అప్పుడది ఫోల్డర్‌ను అడుగుతుంది, జవాబు రాదు. జవాబు రాని తలుపు మూసుకునే ఉంటుంది. గడ్డపారతో తెరవచ్చు గానీ ఆ తరవాత దాన్ని మూయడం ఎవరివల్లా కాదు.

కమిటీ పెద్ద రాయమల్లు మామకు చెప్పాను. ఆయన కమిటీలోకి రాకముందు చాలా ఏళ్ళు చల్లగాలి యంత్రం చూసుకున్నాడు. యంత్రాల గురించి ఆయనకు చుట్టూ తిప్పి చెప్పనక్కర్లేదు. ఎన్నాళ్ళు ఆగుతాయని అడిగాడు. తెలియదన్నాను. వేరే కాపీ లేదా అని అడిగాడు. రెండు ఉన్నాయి, ఒకటి పాతది, ఇంకొకటి అందేలా లేదు అన్నాను.

భరణి కార్తె, చివర

ఆ రెండు కాపీల సంగతి రాసిపెట్టాలి.

మా మూడు బాయిలూ ఒకే డొమైన్, అంటే మూడుచోట్లా ఒకే నియమాలు, ఒకచోటి కడియం మిగతా రెండుచోట్లా చెల్లుతుంది. పెద్దబాయి, చిన్నబాయి, నల్లవాగు, మూడింటికీ ఒక్కొక్క సర్వర్. ఒకచోట నియమం మారిస్తే మిగతా రెండూ దాన్ని వాటంతటవే రాసుకునేవి. ధనిష్ఠ కార్తెలో నల్లవాగు దారి సొరంగంలో పైకప్పు కూలింది. దారీ పోయింది, దాని వెంట ఉన్న కేబులూ పోయింది. అప్పటినుంచి నల్లవాగు నుంచి మాట లేదు. అదే వారంలో కరెంటు పొదుపు కోసం చిన్నబాయి సర్వర్‌ను ఆపేయమని కమిటీ చెప్పింది, ఆపేశాను. అక్కడ మనుషులు ఉండరు, ధాన్యమే ఉంటుంది.

అంటే చిన్నబాయి కాపీ ధనిష్ఠ దగ్గరే నిద్రపోతోంది. చెడలేదు, కానీ పాతది. నల్లవాగు కాపీ కొత్తది, బతికి ఉంటే.

రోజూ ఉదయం ఆ కేబుల్ చివర పిలిచి చూస్తాను. ఆ అలవాటు నాకు నేర్పింది నల్లవాగు సర్వర్ చూసే ఓదెలన్న. ఈ పనంతా నాకు నేర్పింది ఆయనే. ఆయన రాయమల్లు మామకు బామ్మర్ది, చనిపోయిన మామ భార్య మధునమ్మ అత్తకు తమ్ముడు. అత్త రేవతి కార్తెలో పోయింది. ఆ కబురు కూడా తమ్ముడికి చేరలేదు.

కృత్తిక కార్తె

ఈ ఉదయం పిలిస్తే పలికింది.

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. "నల్లవాగు నుంచి ఓదెలు. కూలిన చోటు తవ్వి కేబుల్ అతికించాం. మనిషి దూరేంత దారి కూడా ఉంది. మీరందరూ క్షేమమా?"

నేను కుర్చీలోనే కూర్చుని కాసేపు ఏడ్చాను. తరవాత మామను పిలిచాను.

ఆయన ముందు యంత్రం సంగతి అడగమన్నాడు. నల్లవాగు సర్వర్ బాగుంది, నియమాల ఫోల్డర్ నిండుగా ఉంది. ఆ తరవాత వచ్చిన మాటే మా ఇద్దరినీ ఆపేసింది. ధనిష్ఠ తరవాత సముద్రం వైపునుంచి చాలా కుటుంబాలు నడిచి వచ్చాయట. వాళ్ళను లోపలికి రానిచ్చారు, పేర్లు ఎక్కించారు, కడియాలు ఇచ్చారు. చల్లగది వంతులు అందరికీ సమానం చేశారు. లైను తెగిపోయినప్పుడు సర్వర్ చూసేవాళ్ళు సొంతంగా నియమాలు మార్చవచ్చని మా కట్టుబాటులోనే ఉంది. తప్పేమీ లేదు.

మామ ఆ వరుసలను రెండుసార్లు చదివాడు. తరవాత తన భార్య పోయిన సంగతి ఓదెలుకు రాయమన్నాడు. రాశాను. జవాబు చాలాసేపటికి వచ్చింది.

"చెప్పి మంచిపని చేశారు బావగారూ. మీకు ఎంత కష్టం వచ్చిందో. పక్కన ఎవరైనా ఉన్నారా? ఒక్కరే తినకండి."

మామ తెర మీదికి వంగి చూసి, బామ్మర్ది తనను ఎన్నడూ 'మీరు' అని పిలవలేదన్నాడు.

కృత్తిక కార్తె

లైను వచ్చింది కదా, కాపీ దానంతటదే రాదా అని కమిటీలో అందరూ అడిగారు. ఇదే వాళ్ళకు చెప్పడం కష్టమైంది.

కొద్దిరోజులు విడిపోయిన సర్వర్లు కలిస్తే తేడాలు సర్దుకుంటాయి. ఒక గడువు దాటి విడిపోతే సర్దుకోవు. పాత చెత్త తీసుకొచ్చి కొత్తదాని మీద పోస్తుందేమోనని ఒకదాన్ని చూసి ఇంకొకటి తలుపు వేసుకుంటుంది. అప్పుడు మనిషి చెప్పాలి, ఏది నిజమో. మూడు సర్వర్లలోనూ కాపీ చేసే పనిని ఆపాలి. ఒకదాని మీద నీదే నిజం అని రాయాలి. మిగతా రెండింటి మీద నీది కాదు, దాని దగ్గర తీసుకో అని రాయాలి. ముందు నిజమైనదాన్ని లేపాలి, తరవాత మిగతావాటిని. అవి తమ దగ్గర ఉన్నదంతా ఒక చిన్న పక్క ఫోల్డర్‌లోకి తోసి, ఆ నిజాన్ని రాసుకుంటాయి. పక్క ఫోల్డర్ నిండితే పొర్లినది చెరిగిపోతుంది.

మధ్యే మార్గం ఉందా అని అడిగారు. ముందు ఒకదాన్ని నిజం చేయాలి, తరవాతే చేత్తో దిద్దుకోవచ్చు అన్నాను.

చిన్నబాయి కాపీని నిజం చేయమని రాయమల్లు మామ అన్నాడు. ఎందుకో దాపరికం లేకుండా చెప్పాడు. కొన్నేళ్ళ కింద పక్క బాయి కూలిపోతే అక్కడివాళ్ళను చేర్చుకున్నాం. ఆ రోహిణిలో యంత్రం అందుకోలేకపోయింది. చల్లగదిలో వంతు ఉండి కూడా మనుషులు పోయారు. అప్పుడు యంత్రం దగ్గర ఉన్నది ఆయనే.

"పేరు రాస్తే గాలి పుడ్తదా బిడ్డా? నీ కంప్యూటర్ల ఎందరినన్న ఎక్కియ్యొచ్చు. మిషిన్ చేసేది అంతే చేస్తది," అన్నాడు.

ఎవరూ ఆయనకు ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోహిణిలోనే మా ఆయన తమ్ముడు పోయాడు.

నల్లవాగులో కొత్తగా వచ్చినవాళ్ళ గతి ఏమిటని మాత్రం అడిగాను. కడియాలు పనిచేయకపోతే వాళ్ళు బయటి గ్యాలరీల్లో ఉండొచ్చని, వానలు పడ్డాక ఒక్కో కుటుంబం సంగతి విచారించి చేర్చుకోవచ్చని అన్నారు. బయటి గ్యాలరీల్లో రోహిణి ఎలా ఉంటుందో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. అందుకే ఆ మాట అంటున్నప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

కృత్తిక కార్తె

బడి గ్యాలరీ తలుపు జ్ఞాపకం పోగొట్టుకుంది. పిల్లలు లోపల లేనప్పుడు జరిగింది కాబట్టి సరిపోయింది. ఇక ఆగడానికి లేదు.

లైను మీద మాటలు చేరతాయి గానీ ఆజ్ఞలు చేరవు. ఏ సర్వర్ మీద రాయవలసింది ఆ సర్వర్ ముందు కూర్చునే రాయాలి. అందుకే ఓదెలన్నకు రాశాను, నీ వైపు కాపీ పనిని ఆపి పెట్టు, తరవాత ఏం చేయాలో చెబుతాను అని. ఏ కాపీని నిజం చేయబోతున్నామో రాయలేదు. చేతులు రాలేదు.

జవాబు వచ్చింది. "ఆ ఆజ్ఞలు నాకు తెలియవు. ఎవరైనా వచ్చి చేయాలి."

అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా ఆ ఆజ్ఞలను వరసగా చెప్పగల మనిషి ఆయన. నా చేత కాగితం చూడకుండా అప్పజెప్పించుకున్నాడు. ఒక అక్షరం తప్పితే మళ్ళీ మొదటినుంచి.

రేపు నల్లవాగు పోతున్నాను. ఎలాగూ ఎవరో ఒకరు పోవలసిందే. మామకు ఆ జవాబు చూపించాను. ఆయన తల ఊపాడు, నీళ్ళసీసా నాకు రెండోది కూడా ఇప్పించాడు.

కృత్తిక కార్తె, చివర

నల్లవాగు నుంచి తిరిగి వచ్చి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు పెడతాను.

సొరంగంలో కూలిన చోట కిందపడి పాకాలి. రాళ్ళకు ఊతంగా పడవ చెక్కలు పెట్టారు. అంత దూరం పడవ చెక్కలు మోసుకొచ్చిన మనుషులు ఎవరా అనుకుంటూ అవతలికి తేలాను.

సర్వర్ గదిలో ఓదెలన్న కుర్చీలో నడివయసు మనిషి కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది, చేతికి ఓదెలన్న కడియం. నన్ను చూసి లేచి నిలబడింది. ఓదెలన్న ఏడని అడిగాను.

"నానే అమ్మా రాసినాను," అంది. "ఆ బాబు పోయి సానా దినాలైపోనాది."

ఆమె పేరు పైడమ్మ. సముద్రం ఒడ్డున ఐసు ఫ్యాక్టరీలో యంత్రాల బోర్డు చూసేదట. సముద్రం ఊళ్ళోకి వచ్చినప్పుడు భర్త పోయాడు. మిగిలినవాళ్ళతో కలిసి చీకటి పడ్డాక నడుస్తూ, పగళ్ళు వంతెనల కింద పడుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది. బోర్డు చూసిన మనిషని తెలిసి ఓదెలన్న ఆమెకు పేర్లు ఎక్కించడం, వంతులు మార్చడం నేర్పాడు. సర్వర్‌ను లేపడం, ఆపడం ఇంకా నేర్పలేదు. అశ్విని కార్తెలో కేబుల్ కోసం కూలిన చోట తవ్వుతూ ఆయన అక్కడే కూలబడ్డాడు. ఆ వేడిలో గుండె నిలవలేదు. ఆయన చేయి పెట్టి చూపించిన చోటే సముద్రం వాళ్ళు తవ్వుకుంటూ పోయారు. కేబుల్ దొరికింది.

పేర్లు ఎక్కించే అధికారం ఓదెలు కడియానికే ఉంది. ఆయన పోయాడని రాస్తే ఆ కడియం చచ్చిపోతుంది. అందుకని పైడమ్మ రాయలేదు. మాకూ చెప్పలేదు.

"సెప్తే మా మనుసుల్ని ఉంచుతారో ఉంచరోనని బయమేసినాది. తప్పే. మీరేటి సేసినా పడతాను. పిల్లల్ని మాత్రం తలుపు బయట ఎట్టకండి," అంది.

నేను చేయడానికి వచ్చిన పని అదే. ఆమెకు ఆ మాట చెప్పాను. దాచడం అన్యాయం అనిపించింది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిన్నావా అని అడిగింది. జొన్న సంకటిలో ఎండుచేప నలిపి పెట్టింది. ఆ చేప కూడా ఆ ఒడ్డు నుంచే వచ్చిందట, అదే ఆఖరుది. అది వద్దని నేను అనలేకపోయాను.

కాపీ పనిని ఆపి వచ్చాను. ఏది నిజమో ఆ సర్వర్ మీద ఇంకా రాయలేదు.

రోహిణి కార్తె, మొదలు

ముందు మామ ఇంటికే పోయాను. ఓదెలన్న పోయాడని చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. 'మీరు' అని రాసినప్పుడే అనుమానం వచ్చిందన్నాడు. ఎవరు రాశారని అడిగాడు, చెప్పాను. రేపు కమిటీలో మాట్లాడదాం, ఇప్పుడు పో అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కొమురయ్య మీదినుంచి దిగి చల్లగది వంతు ముగించుకుని వచ్చాడు. మీద సోలార్ కరెంటు పలకల మీది దుమ్ము తుడవడం ఆయన పని. దుమ్ము పేరుకుంటే కరెంటు పడిపోతుంది, కరెంటు పడిపోతే గాలి పడిపోతుంది. మీదికి పోయేవాళ్ళకు పెద్దబాయిలో ఒక గంట అదనపు వంతు ఉంది. నల్లవాగు కాపీ వస్తే ఆ గంట ఉండదు. అందరికీ సమానం.

ఆ మాట ఆయనకు చెప్పి, నువ్వేమంటావని అడిగాను.

"నన్ను అడుగుతున్నవా, నిన్ను నువ్వే అడుక్కుంటున్నవా?" అన్నాడు.

నిన్నే అన్నాను.

ఆయన కాళ్ళకు చుట్టుకున్న గుడ్డ విప్పుతూ చాలాసేపు ఆలోచించాడు. "ఆ గంట ఉన్నదన్న ధైర్యంతోనే మీద నిలవడ్తున్న. నాకు భయమైతది. నేను భయపడ్తనని నువ్వు ఆగకు. నాకు భయం లేదని మాత్రం నాతోని అనిపియ్యకు," అన్నాడు.

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆయన అంత పొడుగు మాట మాట్లాడడం అరుదు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం అన్నం తిన్నాం.

రోహిణి కార్తె

కమిటీ కూర్చుంది. నేను చూసింది చెప్పాను. ఓదెలు పేరుతో ఎవరు రాశారో వినగానే గదిలో మాటలు లేచాయి. మోసం చేసినవాళ్ళ కాపీని నిజం ఎలా చేస్తామని ఒకరన్నారు. ఆ మాటలో న్యాయం లేదని నేను అనను. రాయమల్లు మామ అందరూ మాట్లాడేదాకా ఆగి, నీ మాట చెప్పు బిడ్డా అన్నాడు.

రాత్రంతా కూడగట్టుకున్న మాటలు చాలా ఉన్నాయి. నోట్లోకి ఇంతే వచ్చింది.

"మామా, మూడు కాపీలల్ల ఏదీ నిజం కాదు. మనది ఖాళీ. చిన్నబాయి దాంట్ల ఓదెలన్న బతికే ఉన్నడు. నల్లవాగు దాంట్ల గూడ బతికే ఉన్నడు. చచ్చిపోయినోళ్ళ పేరు ఉంటే ఒక వంతు దండుగ పోతది, రేపు తీసేస్తం. బతికున్నోళ్ళ పేరు లేకుంటే, రేపు ఎక్కిద్దామన్నా వాళ్ళుండరు. రోహిణి కదా. దిద్దుకునేటందుకు వీలున్న తప్పునే నేను ఎంచుకుంట. చిన్నబాయి కాపీ పెట్టుడు నాతోని కాదు. ఇంకెవరన్న చేస్తమంటే తాళం ఇస్త."

ఇంకెవరికీ ఆ పని రాదు. అది నాకూ తెలుసు, వాళ్ళకూ తెలుసు. తాళం ఇస్తానన్న మాటలో అందుకే కొంత బెదిరింపు ఉంది. ఈ మాట ఇక్కడ రాయకపోతే ఈ చిట్టా అబద్ధమవుతుంది.

ఒకాయన లేచి, పెద్దబాయి తలుపులన్నీ మూసుకుపోతే ఆ పాపం ఎవరిదని అడిగాడు. నాది అన్నాను.

మామ చేయి ఎత్తి అందరినీ ఆపాడు. తాను నల్లవాగు పోయి చూసి వస్తానన్నాడు. ఆ వయసులో ఆ సొరంగంలో పాకడం ఎందుకని అందరూ వారించారు. బామ్మర్ది పోయిన చోటికి పోవాలని, అది కమిటీ పని కాదని అన్నాడు.

రోహిణి కార్తె

మామతో మళ్ళీ నల్లవాగు పోయాను. కూలిన చోట ఆయన పాకుతుంటే అవతలినుంచి ఎవరివో చేతులు వచ్చి ఆయన భుజాలు పట్టుకుని మెల్లగా లాగాయి. ఆ చేతుల మనిషి పేరు కూడా మేం అడగలేదు.

పైడమ్మ ఎదురొచ్చింది. ఓదెలన్నను పూడ్చిన చోటు చూపించింది. మామ అక్కడ కూర్చున్నాడు. నేను దూరంగా నిలబడ్డాను. లేచి వచ్చి ఆయన ఆమెను సూటిగా అడిగాడు.

"నా భార్య పోయిందని చెప్తే, ఒక్కరే తినకండి అని రాసినవ్. గా మాట ఓదెలు చెప్పమన్నడా?"

"లేదు బాబూ. ఆ బాబు అప్పటికే లేడు," అంది పైడమ్మ. "మా ఆయన్ని సముద్రం తీసుకెల్లిపోయినపుడు నాకెవులూ ఏటీ సెప్పలేదు. ఎవులైనా ఏటంటే బాగుండునని అనుకున్నానో, అదే రాసినాను."

మామ ఓదెలన్నను పూడ్చిన చోటు వైపు ఒకసారి తిరిగి చూశాడు. తరవాత చల్లగాలి యంత్రం చూపించమన్నాడు.

ఐసు ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళు వాళ్ళలో ఇంకా ఉన్నారు. గొట్టాల లోపల సున్నంలా పేరుకున్న పొరను చింతపండు నీళ్ళు కాచి పోసి కడిగారట, అప్పటినుంచి యంత్రం ఎక్కువ చల్లదనం ఇస్తోందట. మామ గొట్టం మీద అరచేయి పెట్టి అలాగే నిలబడ్డాడు. ఎన్నిసార్లు కడిగారు, ఎంత చిక్కగా కాచారు, రబ్బరు వాషర్లు పాడవలేదా అని అడిగాడు. వాళ్ళు చెప్పారు. ముగ్గురు నలుగురు ఒకేసారి మాట్లాడడం మొదలుపెట్టారు, ఆయన మధ్యలో దూరి కాదు కాదు అంటున్నాడు. భార్య పోయిన తరవాత ఆయన అంత మాట్లాడడం నేను చూడలేదు.

తిరిగి వస్తూ, గొట్టాలు కడగడం కొంతవరకే పనికొస్తుందని, రోహిణి మొత్తం దాటించదని అన్నాడు. ఇద్దరు ముగ్గురు పోయేవాళ్ళు ఇంకా పోతారన్నాడు.

వాళ్ళకు ఐసు పని వచ్చి ఉండకపోతే ఏం చేసేవాడివి మామా అని అడగాలనిపించింది. అడగలేదు. చాలా దూరం నడిచాక ఆయనే అన్నాడు.

"గొట్టాలు చూసి ఒప్పుకున్ననని అనుకుంటవేమో. కమిటీకి గొట్టాల సంగతే చెప్త. వాళ్ళకు గదైతేనే ఎక్కుతది. నేను మాత్రం ఆ పొద్దు ఒక్కన్ని తినలే. ఆ రాత చూసి పక్కింటోళ్ళ దగ్గరికి పోయిన."

రోహిణి కార్తె

కమిటీ ఒప్పుకుంది. గొట్టాల వల్లనో, మామ వల్లనో, బడి తలుపు తరవాత ఆసుపత్రి తలుపు కూడా నిన్న మూసుకుపోయి గడ్డపారతో తెరవాల్సి రావడం వల్లనో నాకు తెలియదు. ఒక షరతు పెట్టారు. కాపీ వచ్చాక మొదట దిద్దే నియమం మీదికి పోయేవాళ్ళ గంట. ఏ బాయివాళ్ళైనా, ఏ ఒడ్డునుంచి వచ్చినవాళ్ళైనా, ఎండలోకి పోయినవాళ్ళకు ఆ గంట ఇవ్వాలి. నల్లవాగు ఒప్పుకుంది. సముద్రంవాళ్ళలో కొందరు పలకలు తుడవడానికి పేర్లు ఇచ్చారు.

కొమురయ్యకు చెప్పాను. అయితే అక్కడివాళ్ళకు చీపురు పట్టుకోవడం నేర్పాలి, పలక మీద అడ్డంగా తుడిస్తే గీతలు పడతాయి అన్నాడు.

నేను నల్లవాగు పోయి ఆ సర్వర్ మీద నీదే నిజం అని రాశాను. దాన్ని ఎలా లేపాలో పైడమ్మకు చూపించి, నేను ఇక్కడినుంచి చెప్పిన క్షణంలో చేయమని చెప్పి వచ్చాను. ఆమె కాగితం మీద రాసుకోబోతే వద్దన్నాను. అప్పజెప్పమన్నాను. ఒక అక్షరం తప్పింది. మళ్ళీ మొదటినుంచి.

ఇవాళ ఉదయం లేపమని రాశాను. "లేచింది," అని జవాబు. చిన్నబాయి సర్వర్ మీద, మా సర్వర్ మీద నీది కాదు అని రాసి లేపాను. చాలాసేపు ఏమీ జరగలేదు. కుర్చీలో కూర్చుని అరచేతులు చీరకు తుడుచుకుంటున్నాను. ఖాళీ ఫోల్డర్‌లో ఒక ఫైలు కనబడింది. ఇంకొకటి. తరవాత కుండపోతగా వచ్చాయి.

మృగశిర కార్తె

వాన లేదు. మబ్బులు మాత్రం వచ్చి పోతున్నాయి.

రోహిణిలో మా దగ్గర ఒకరు, నల్లవాగులో ఇద్దరు పోయారు. మామ చెప్పినట్టే అయింది. వేరే కాపీ పెట్టి ఉంటే పెద్దబాయిలో ఆ ఒక్కరు మిగిలేవారా అని నన్ను ఒకామె అడిగింది. పోయింది ఆమె తల్లి. ఏమోనమ్మా అన్నాను.

ధనిష్ఠ తరవాత పెద్దబాయిలో జరిగింది ఏదీ నల్లవాగు కాపీలో లేదు. పుట్టినవాళ్ళు లేరు, పోయినవాళ్ళు ఉన్నారు, పెళ్ళయినవాళ్ళు ఇంకా వేరు వేరు గదుల్లో ఉన్నారు. అందరినీ వచ్చి చెప్పమన్నాను. కొద్దిరోజులుగా సర్వర్ గది ముందు జనం నిలబడుతున్నారు. పసిపిల్లల పేర్లు చెప్పేవాళ్ళు గట్టిగా చెబుతున్నారు. కొందరు ఇన్నాళ్ళకు పేరు మార్చుకుందామని కూడా వచ్చారు.

ఇవాళ రాయమల్లు మామ వచ్చాడు. వరుసలోనే నిలబడ్డాడు. ముందుకు రమ్మన్నా రాలేదు. వంతు వచ్చాక మధునమ్మ అత్త సంగతి చెప్పాడు, తీసేశాను. తరవాత ఓదెలు సంగతి. నల్లవాగులో ఆయనకు వేరే అయినవాళ్ళు లేరు. చెప్పవలసింది బావే.

ఆయన చెప్పే ముందు నేను రెండు పనులు చేశాను. పైడమ్మ పేరుకు సర్వర్ అధికారం రాశాను. అది నల్లవాగు చేరిందో లేదో అడిగి, చేరిందన్న జవాబు చూశాను. అప్పుడు మామ వైపు తిరిగాను.

"చిలుముల ఓదెలు. అశ్విని కార్తెల పోయిండు. కేబుల్ దగ్గర," అన్నాడు.

రాశాను. అక్కడ పైడమ్మ చేతికున్న ఆ కడియం ఆ క్షణంలో పనిచేయడం మానేసి ఉంటుంది. మామ అక్కడినుంచి కదలలేదు. కాసేపటికి లైను మీద అక్షరాలు వచ్చాయి. ఒక్కొక్కటే, తడుముకుంటున్నట్టు.

"నల్లవాగు నుంచి పైడమ్మ. నా సొంత కడియంతో తలుపు తీసి చూశాను. తెరుచుకుంది. మీ దగ్గర ఎలా ఉంది?"

ఏం రాయమంటావని మామను అడిగాను. ఆయన నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తానే రాస్తానన్నాడు. అక్షరాలు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ, ఒక్క వేలితో మొదలుపెట్టాడు.